తరాల పొలంలో మట్టిని కాపాడే పని ఎక్కడ ఆగిపోతోంది?

ఎకరా పొలం నుంచి ఏడాదికి ఒక్క మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకుపోయిందంటే అది 5 టన్నుల పైమాటే. అదే మట్టిని ఎవరైనా రాత్రికి రాత్రి ట్రాక్టర్లో తోలుకుపోతే తెల్లారేసరికి పెద్ద గొడవవుతుంది. వానకూ గాలికీ పోతే మాత్రం ఎవరికీ పట్టదు. ఏటీఎం కార్డు కన్నా కాస్త మందంగా ఉండే ఆ పొర పోయిన ఆనవాలు మరుసటి దుక్కితో చెరిగిపోతుంది. ముప్పై ఏళ్లకు 3 సెంటీమీటర్లు. ఒక మనిషి సొంతంగా సేద్యం చేసే కాలం దాదాపు అంతే కాబట్టి, తన చేతుల మీదుగా పొలం చెడిపోయిందని ఎవరికీ అనిపించదు. తాత మొదలుపెట్టిన ఏటి నుంచి మనవడు విరమించే ఏటి దాకా లెక్కేస్తే 9 సెంటీమీటర్లు. పై మట్టి 20 సెంటీమీటర్లే ఉన్న పొలంలో అది సగానికి దగ్గర. ఈలోగా ఎరువుల మోతాదు పెరుగుతుంది, మెరుగైన విత్తనాలు వస్తాయి, దిగుబడి తగ్గకపోగా పెరుగుతూ వస్తుంది. పోయిన మట్టి లెక్క ఆ దిగుబడి చాటున దాగిపోతుంది.

పోయినదాన్ని ప్రకృతి భర్తీ చేస్తుందిలే అనుకోవడానికి లేదు. ఒక సెంటీమీటరు మట్టి సహజంగా ఏర్పడటానికి చాలా చోట్ల వందేళ్ల పైనే పడుతుంది. అమెరికాలో మొక్కజొన్న ఎక్కువగా పండే మధ్య పశ్చిమ రాష్ట్రాల మీద ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. సాగుభూమిలో దాదాపు మూడో వంతు మేర సారవంతమైన పై పొర పూర్తిగా పోయిందని అందులో తేలింది. పోయింది ముఖ్యంగా మెట్టల నెత్తిన, వాలు మొదలయ్యే చోట. ఆ నేలల్లో నాగలి దిగి నూటయాభై ఏళ్లు దాటింది, అంటే ఐదారు తరాలు. ఆ తరాల్లో నేలను పాడుచేద్దామనుకున్న రైతు ఒక్కడూ ఉండి ఉండడు. పిల్లలకు తన కన్నా మంచి పొలం అప్పగించాలనే ప్రతి ఒక్కరూ కష్టపడి ఉంటారు. ఇదే ఈ విషయంలో అన్నిటికన్నా బాధ కలిగించేది.

ఏం చేయాలో తెలియక ఇలా జరిగిందా అంటే, అదీ కాదు. 1930లలో అమెరికా మైదానాల మీద ధూళి తుపానులు విరుచుకుపడ్డాయి. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుపాను పట్టపగలే చీకటి చేసేసింది. అదే నెల 27న నేల పరిరక్షణ చట్టం వచ్చింది, నేల శాస్త్రవేత్త హ్యూ బెనెట్ అధిపతిగా దానికోసం ఒక ప్రత్యేక విభాగమే ఏర్పడింది. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, నీరు పారే దారుల్లో గడ్డి పెంచడం, పంట మార్చి పంట వేయడం అప్పటి నుంచీ చెబుతున్నవే. తొంభై ఏళ్లుగా చెబుతున్నా చాలా పొలాల్లో అమలు కాని సలహాకు అడ్డంకి తెలియకపోవడం కాదు. కుటుంబ సేద్యంలో ఖర్చు ఒకరి జేబులోంచి పోతుంది, ఫలితం ఇంకొకరికి దక్కుతుంది, నిర్ణయం మూడో మనిషి చేతిలో ఉంటుంది. ఈ ముడి ఇంట్లో విప్పుకోకుండా పొలంలో పద్ధతి మారదు, మారినా నిలవదు.

నేలలో అసలు ఏం జరుగుతుంది

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ పద్ధతులన్నిటినీ మూడు సూత్రాల కింద చెబుతుంది. నేలను వీలైనంత తక్కువ కదిలించడం మొదటిది. ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక కప్పు ఉంచడం రెండోది. కనీసం 30 శాతం నేల మోళ్లతోనో ఆకులతోనో కప్పి ఉండాలి. ఒకే పంట వెంట పడకుండా పంటలు మార్చడం మూడోది. చెప్పుకోవడానికి తేలికే. ఇవి ఎందుకు పనిచేస్తాయో కంటితో చూడకపోతే మాత్రం నమ్మకం కుదరదు.

చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. ఏటా దున్నే పొలం నుంచి ఒక ఎండు మట్టి గడ్డ, ఎన్నో ఏళ్లుగా నాగలి తగలని కంచె వార నుంచి అదే సైజు గడ్డ తీసుకోవాలి. రెండు గాజు సీసాల్లో నీళ్లు నింపి, పైన జల్లెడ ముక్క అమర్చి, దాని మీద గడ్డలు నీటిలో మునిగేలా ఉంచాలి. దున్నే పొలం గడ్డ చాలాసార్లు నిమిషాల్లోనే చెదిరి, బురదై, సీసా అడుగుకు దిగిపోతుంది, నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. కంచె వార గడ్డ గంట తర్వాత కూడా చాలావరకు అలాగే నిలిచి ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. రెండూ ఒకే నేల, ఒకే రకం మట్టి. తేడా అంతా వేళ్లు, బూజు తీగలు, సూక్ష్మజీవులు విడిచే జిగురులో ఉంది. ఆ జిగురే మట్టి రేణువులను చిన్న చిన్న గుళికలుగా పట్టి ఉంచుతుంది. గుళికల మధ్య ఖాళీల్లోంచే నీరు కిందికి ఇంకుతుంది, గాలి ఆడుతుంది. నాగలి ఆ గుళికలను పగలగొడుతుంది, వాటిని అతికించే సేంద్రియ పదార్థాన్ని గాలికి తెరిచి వేగంగా కరిగిపోయేలా చేస్తుంది. ఆ తర్వాత పడే పెద్ద వాన చినుకు ఒక్కొక్కటీ బోడి నేలను చిదిమి, సన్నటి మట్టితో ఖాళీలను పూడ్చేస్తుంది. పైన పెచ్చు కడుతుంది. ఇంకాల్సిన నీరు పారడం మొదలుపెడుతుంది, పారే నీటితో మట్టి పోతుంది.

దున్నిన వెంటనే నేల గుల్లగా, మెత్తగా కనిపిస్తుంది కాబట్టి దుక్కి నేలకు మేలు చేస్తోందనే నమ్మకం బలపడింది. ఆ గుల్లదనం రెండు మూడు పెద్ద వానల వరకే. తర్వాత గట్టిపడి మళ్లీ దున్నాల్సి వస్తుంది. దున్నడం వల్లే మళ్లీ దున్నాల్సిన అవసరం పుడుతోందన్న సంగతి, చిన్నప్పటి నుంచి దుక్కినే చూస్తూ పెరిగినవారికి వింతగా వినిపించడం సహజం.

నీటి పరీక్ష కూడా ఇంతే సులువు. 6 అంగుళాల వ్యాసం ఉన్న ఇనుప రింగును నేలలోకి దిగగొట్టి 444 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే అది దాదాపు ఒక అంగుళం వానతో సమానం. అది ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోవాలి. ఏటా అదే చోట, అదే తేమలో చేస్తే పొలం ఎటు పోతోందో ఆ నిమిషాలే చెబుతాయి. ఇంట్లో వాదన జరిగేటప్పుడు ఎవరి అభిప్రాయం కన్నా ఈ అంకెకే బరువు ఎక్కువ.

మొదటి కొన్నేళ్ల కష్టం

పరిరక్షణ పద్ధతుల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఇక్కడ మాట దాటేస్తారు. దాటేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. 63 దేశాల్లో జరిగిన 610 అధ్యయనాలను కలిపి 2015లో చేసిన ఒక విశ్లేషణలో, దున్నకుండా విత్తిన చోట దిగుబడి సగటున 5.7 శాతం తగ్గినట్టు తేలింది. దుక్కి మానేసి మిగతా రెండు సూత్రాలనూ వదిలేసినచోట తగ్గుదల ఎక్కువ. మోళ్లు పొలంలోనే ఉంచి, పంటలు కూడా మార్చినచోట అది సగానికి పైగా తగ్గిపోయింది. వాన మీదే ఆధారపడే పొడి ప్రాంతాల్లో మూడూ కలిపి పాటిస్తే దిగుబడి 7.3 శాతం పెరిగింది. అంటే నాగలి ఒక్కటి పక్కన పెట్టి మిగతాదంతా యథాతథంగా ఉంచితే దెబ్బ తినే అవకాశమే ఎక్కువ. చాలామంది మొదటి ఏడు చేసేది సరిగ్గా ఇదే.

ఎందుకు తగ్గుతుంది? మోళ్లలో, గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కావలసిన నత్రజనిని నేలలోంచి లాగేసుకుంటాయి. అదే సమయానికి మొలకెత్తిన పంట పచ్చదనం కోల్పోయి పసుపు రంగుకు తిరుగుతుంది. కొన్నేళ్లకు సేంద్రియ పదార్థం పెరిగి ఈ కొరత సర్దుకుంటుంది గానీ అప్పటిదాకా నత్రజని వేసే సమయం, మోతాదు మార్చుకోవాలి. కప్పి ఉన్న నేల చల్లటి ప్రాంతాల్లో ఆలస్యంగా వేడెక్కుతుంది, విత్తడం వెనకపడుతుంది. కవర్ క్రాప్‌ను, అంటే అసలు పంట లేని కాలంలో నేలను కప్పి ఉంచడానికి వేసే పంటను, సకాలంలో ముగించకపోతే, పొడి ఏడాదిలో అసలు పంటకు దక్కాల్సిన తేమను అదే తాగేస్తుంది. దుక్కితో పోయే కలుపు ఇప్పుడు పోదు. ఒకే కలుపు మందు మీద ఆధారపడితే ఆ మందుకు లొంగని కలుపు తయారవుతుంది. పాత సీడ్ డ్రిల్ (విత్తే యంత్రం) మోళ్ల మీద సరిగా దిగదు, గింజ పైనే పడిపోతుంది.

ఇవన్నీ పరిష్కారం ఉన్న సమస్యలే. కాకపోతే ఆ పరిష్కారాలు నేర్చుకోవడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఈ కొన్నేళ్ల నష్టం ఎవరి ఖాతాలో పడుతుందన్నది తరాల పొలంలో మొదటి ప్రశ్న. తండ్రికి డెబ్బై ఏళ్లనుకుందాం. రాబోయే నాలుగైదు పంటల మీదే ఆయన వైద్యం ఖర్చు, మిగిలిన అప్పు, చేతిలో నాలుగు డబ్బులు ఉంచుకోవాలన్న ఆశ ఆధారపడి ఉంటాయి. ఆరో ఏట నుంచి వచ్చే లాభం ఆయన చూస్తారో లేదో తెలియదు. కొడుకుకో కూతురికో నలభై ఏళ్లు. ముందున్న పాతికేళ్ల సేద్యానికి ఈ కొన్నేళ్ల నష్టం పెట్టుబడి లాంటిది. ఇద్దరూ తమ తమ లెక్కల్లో సరిగ్గానే ఉన్నారు. దీన్ని పాత బుర్రకూ కొత్త బుర్రకూ మధ్య తగాదాగా చూడటం అన్యాయం.

పెత్తనం ఎవరిది, భూమి ఎవరిది

చాలా కుటుంబాల్లో పొలం పని ఒక తరం చేతికి వచ్చి ఇరవై ఏళ్లయినా, చెక్కు మీద సంతకం ముందు తరానిదే. 2022 వ్యవసాయ గణాంకాల ప్రకారం అమెరికా రైతుల సగటు వయసు 58.1 ఏళ్లు. అయోవా రాష్ట్రంలో అదే ఏడాది సర్వే చేస్తే సాగుభూమిలో మూడింట రెండు వంతులు 65 ఏళ్లు దాటినవారి పేరిటే ఉన్నట్టు తేలింది. పొలంలో రోజూ నడిచేవారు నేలలో తేడాను గమనిస్తారు. కొత్త విత్తన యంత్రం కొనాలా వద్దా అని తేల్చేది మాత్రం వారు కాదు.

దీనికి మరో మెలిక ఉంది. తల్లిదండ్రుల తర్వాత భూమి నలుగురు పిల్లలకు వస్తుంది, సేద్యం చేసేది ఒక్కరే. మిగతా ముగ్గురూ ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉంటారు, వారి వాటా ఆ ఒక్కరే కౌలుకు చేస్తుంటారు. అమెరికాలోని 48 రాష్ట్రాల్లో 2014లో జరిగిన సర్వేలో సాగుభూమిలో 39 శాతం కౌలులో ఉన్నదేనని, ఆ కౌలు భూమిలో 80 శాతానికి యజమానులు సొంతంగా సేద్యం చేయనివారని తేలింది. ఏటికేడు నోటిమాట మీద నడిచే కౌలులో, వచ్చే ఏడాది తన చేతిలో ఉంటుందో లేదో తెలియని నేల మీద ఐదేళ్లకు గానీ ఫలితం ఇవ్వని పని ఎవరూ చేయరు. తోబుట్టువుల మధ్య ఇది మరీ సున్నితం. కౌలు కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటారేమోనని అడగరు. అడగకపోవడం వల్ల గడ్డి పట్టీ వేయరు, గట్టు బాగుచేయరు, మట్టి పోతూనే ఉంటుంది. సొంత అక్కచెల్లెళ్లతో, అన్నదమ్ములతో కాగితం రాసుకోవడం అపనమ్మకమేమీ కాదు. ఎవరు ఏం ఆశిస్తున్నారో ముందే తెలియడం వల్ల నిలిచిన బంధాలే ఎక్కువ.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దపు కౌలు రైతులు నేలకు ఎరువు, సున్నం పెట్టి బాగుచేసుకున్నాక, దాని ఫలం చేతికందకముందే పొలం ఖాళీ చేయాల్సి వచ్చేది. అందుకే, వెళ్లిపోయే కౌలుదారు నేలలో పెట్టినదానిలో ఇంకా ఖర్చు కాకుండా మిగిలి ఉన్న సారానికి యజమాని పరిహారం ఇవ్వాలన్న నియమాన్ని 1875 చట్టంలో తెచ్చారు. దాన్ని తప్పించుకునే వీలు యజమానులకు ఉండేది. 1883 చట్టంతో ఆ వీలు పోయి తప్పనిసరైంది. కుటుంబాలు ఇప్పటికీ ఈ ఆలోచనను వాడుకోవచ్చు, వాడుకోవాలి. నేలలో పెంచిన సారం కూడా ఆస్తే. పంపకాల రోజు ఇల్లు, బావి, ట్రాక్టర్ లెక్కలోకి వస్తాయి. పదేళ్లు కష్టపడి పెంచిన సేంద్రియ కర్బనం ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ సారం ఎంతకాలం నిలుస్తుందో చెప్పే ఆధారం కూడా ఇంగ్లండ్‌లోనే ఉంది. రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో హూస్‌ఫీల్డ్ అనే పొలంలో ఒక నేల చెక్కకు 1852 నుంచి 1871 వరకు ఏటా పశువుల ఎరువు వేసి, ఆ తర్వాత పూర్తిగా ఆపేశారు. బార్లీ మాత్రం వేస్తూనే వచ్చారు. ఎరువు ఆపి వందేళ్లు దాటాక కూడా ఆ చెక్కలో కర్బనం, దిగుబడి, ఎన్నడూ ఎరువు ఎరగని పక్క చెక్క కన్నా ఎక్కువగానే ఉన్నాయి. ఇరవై ఏళ్లు ఒక తరం చేసిన పని తర్వాతి నాలుగు తరాలకు అందింది. మట్టి మీద పెట్టింది వృథా పోతుందని భయపడే పెద్దలకు ఇంతకు మించిన రుజువు చూపడం కష్టం.

పెద్దవాళ్లు వద్దన్నప్పుడు

పెద్దల అభ్యంతరాన్ని మొండితనంగా కొట్టిపారేస్తే విలువైన సమాచారం పోతుంది. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ వాలులో ఎప్పుడు గండి పడిందో, ఏ చెలకలో ఏ కలుపు ఎప్పుడు దిగిందో చెప్పగలిగేది వారే. కవర్ క్రాప్ ఎక్కడ వేయాలో, గడ్డి పట్టీ ఎక్కడ రావాలో తేల్చడానికి ఆ జ్ఞాపకం కన్నా మంచి మ్యాప్ దొరకదు. అప్పుచేసి కొత్త పద్ధతికి దిగి పొలం పోగొట్టుకున్నవారిని కళ్లారా చూసిన తరం అది. ఆ భయానికి కారణం ఉంది.

ఇంకో కారణం గౌరవానికి సంబంధించినది. చాళ్లు గీత గీసినట్టుండి, ఒక్క మోడు కూడా కనిపించకుండా దున్నిన చేను మంచి రైతు గుర్తుగా తరతరాలుగా చెల్లింది. దారిన పోయేవాళ్లు పొలాన్ని చూసి మనిషిని అంచనా వేస్తారు. మోళ్లు, ఎండు గడ్డి పరిచి ఉన్న చేను వారి కంటికి సోమరి సేద్యంలా కనిపిస్తుంది. “మన చేను చూసి నలుగురూ ఏమనుకుంటారు” అన్న మాట వెనక డెబ్బై ఏళ్ల పరువు ఉంది. దాన్ని మట్టి పరీక్ష రిపోర్టుతో ఓడించలేం.

కొత్త పద్ధతులు సమాజంలో ఎలా వ్యాపిస్తాయన్నదాని మీద జీవితాంతం పరిశోధించిన ఎవరెట్ రోజర్స్ అయోవాలో ఒక సేద్యపు కుటుంబంలో పుట్టారు. వాళ్ల నాన్న కొత్త యంత్రమేదైనా వస్తే ముందుండే మనిషి. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని మాత్రం ఎనిమిదేళ్లు దగ్గరికి రానివ్వలేదు. 1936 కరువులో పక్క రైతు హైబ్రిడ్ చేను నిటారుగా నిలిచి, తమ చేను వాలిపోయాక గానీ మారలేదు. అదే రాష్ట్రంలో హైబ్రిడ్ విత్తనం మీద 1943లో వెలువడిన రయాన్, గ్రాస్‌ల అధ్యయనం కూడా ఇదే చెప్పింది. విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా అమ్మకందార్లే, ఒప్పించింది మాత్రం పక్క పొలం రైతులు. ఒప్పుకున్నాక కూడా దాదాపు అందరూ ముందు కొద్దిపాటి నేలలో వేసి చూసి, కొన్నేళ్లకు గానీ మొత్తానికి మారలేదు. హైబ్రిడ్ ఫలితం ఒక్క పంటలో కనిపిస్తుంది. మట్టి ఫలితం అలా కనిపించదు కాబట్టి ఇక్కడ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

డెబ్బై సెంట్లతో మొదలు

1962లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో హ్యారీ యంగ్ అనే రైతు దున్నకుండా మొక్కజొన్న విత్తారు. వాణిజ్య సాగులో ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకరిగా ఆయనకు పేరుంది. మొదటి ఏడు ఆయన వేసింది 0.7 ఎకరం, అంటే 70 సెంట్లు. పదేళ్ల తర్వాత బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రం నుంచి హెర్బర్ట్ బార్ట్జ్ అనే రైతు, వాన కోతకు తన నేల కొట్టుకుపోతుంటే చూడలేక, కెంటకీ దాకా వెళ్లి యంగ్ పొలం చూసి వచ్చారు. యంత్రం తెప్పించుకుని 1972లో సోయా దున్నకుండా విత్తారు. చుట్టుపక్కలవాళ్లు ఆయనకు పిచ్చిపట్టిందన్నారు. ఆ దశాబ్దం ముగిసేసరికి అదే రాష్ట్రంలో దున్నని రైతులు వానపాముల పేరు పెట్టుకుని ఒక క్లబ్ కట్టుకున్నారు. తమలాంటివారు మరికొందరున్నారన్న ధైర్యం, కలుపు మందు మోతాదు నుంచి యంత్రం బిగింపు దాకా ఒకరినొకరు అడిగి తెలుసుకునే వీలు అలా కలిగాయి.

తరాల పొలానికి ఈ చిన్న చెక్క దారే సరిపోతుంది, కాకపోతే ఆ చెక్కను ఎంచడంలో జాగ్రత్త కావాలి. సాధారణంగా “ఆ మూల పనికిరాని చెక్క ఉందిగా, అక్కడ చేసుకో” అంటారు. అక్కడ ఏ పద్ధతీ పండదు, మూడేళ్ల తర్వాత “చెప్పాంగా” అన్న మాటే మిగులుతుంది. ఒకే చేనులో, ఒకే వాలులో, పక్కపక్కనే రెండు మూడు పట్టీలుగా పాతది, కొత్తది వేయాలి. కోత వేరువేరుగా కోసి తూకం వేయాలి. డీజిల్ ఎంత పట్టింది, ఎన్ని గంటల పని, ఎరువు, మందు ఎంత వంటివన్నీ ఒకే నోటు పుస్తకంలో రాయాలి. దిగుబడి కాస్త తగ్గినా, రెండు మూడు దుక్కుల డీజిల్, పని మిగిలాక చేతిలో ఎంత మిగిలిందన్నది పుస్తకమే చెబుతుంది. ఆ పుస్తకం రాసే పని పెద్దవారికి అప్పగిస్తే ఇంకా మంచిది. కొడుకు చెప్పిన లెక్క కన్నా తన చేత్తో రాసుకున్న లెక్కను తండ్రి నమ్ముతారు. కనీసం మూడు పంటలు, అందులో ఒక చెడ్డ ఏడాది చూశాకే విస్తరించే మాట ఎత్తాలి.

ఎవరూ అభ్యంతరం చెప్పని పనులు ముందు చేయడం మరో తెలివైన దారి. నీరు పారి గండి పడిన చోట గడ్డి పెంచుదామంటే కాదనే పెద్దలు అరుదు, ఆ గండిలో ట్రాక్టర్ దిగబడిన అనుభవం వారికే ఎక్కువ. అయోవాలో 2007లో మొదలైన ప్రయోగాల్లో చేనులో 10 శాతం నేలను స్థానిక గడ్డి, పూల మొక్కల పట్టీలుగా మారిస్తే, మట్టి కొట్టుకుపోవడం 95 శాతం దాకా తగ్గింది. మిగతా 90 శాతంలో సేద్యం ఎప్పటిలాగే సాగింది. ఆ 10 శాతం ఎలాగూ తక్కువ పండే అంచుల్లో, వాలుల్లో పెట్టుకోవచ్చు.

పంట మార్పిడి మాత్రం ఇంటి శ్రమ మీద పడుతుంది. అయోవాలోనే మార్స్‌డెన్ ప్రయోగ క్షేత్రంలో మొక్కజొన్న, సోయాలకు ఓట్స్, పప్పుజాతి పశుగ్రాసాలు కలిపి మూడు, నాలుగేళ్ల మార్పిడి చేసి, పశువుల ఎరువు వేశారు. రసాయన ఎరువు, కలుపు మందు బాగా తగ్గినా దిగుబడి తగ్గలేదు, లాభం రెండు పంటల పద్ధతితో సమానంగానే వచ్చింది. పని గంటలు మాత్రం పెరిగాయి. కొనే సరుకు తగ్గించి శ్రమ పెంచే పద్ధతి ఇది కాబట్టి, రెండు తరాలు కలిసి పనిచేసే ఇంటికి బాగా నప్పుతుంది. ఆ పెరిగిన గంటలు ఎవరివి, వాటికి వాటా ఎంత అన్నది తేల్చకపోతే కోడలో చిన్న కొడుకో జీతం లేని కూలిగా మిగిలిపోతారు. పద్ధతి నచ్చక కాదు, అలసిపోయి దాన్ని వదిలేస్తారు.

తాత నాటింది మనవడు పీకినప్పుడు

1934 నుంచి 1942 దాకా అమెరికా మైదానాల్లో గాలిని అడ్డుకోవడానికి 30 వేల పొలాల్లో దాదాపు 22 కోట్ల చెట్లు నాటారు. వరుసలన్నీ కలిపితే 18 వేల మైళ్లకు పైనే. ధూళి తుపానులు చూసిన తరానికి ఆ చెట్ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాతి దశాబ్దాల్లో గుండ్రంగా తిరిగే భారీ నీటి యంత్రాలు వచ్చాక ఆ వరుసలు దారికి అడ్డమయ్యాయి. చాలా చోట్ల వాటిని పీకేశారు. పీకినవారికి ఆ చెట్లు ఎందుకు నాటారో తెలియదు, తెలిసినా ఆ గాలిని వారు అనుభవించలేదు.

పరిరక్షణ పని ఎంత బాగా పనిచేస్తే దాని అవసరం అంతగా కనిపించకుండా పోతుంది. గట్టు నిలబడినన్నాళ్లూ గండి పడదు, గండి పడకపోతే గట్టు దండగ అనిపిస్తుంది. పంట ధర పెరిగిన ఏడాది ఆ గట్టు, ఆ గడ్డి పట్టీ పంట నేలగా మారిపోతాయి. ప్రభుత్వ సాయంతో చేసిన పనులకూ ఇదే బెడద. అమెరికాలో 1985 చట్టంతో, కోతకు గురయ్యే నేలను సాగు నుంచి తప్పించి గడ్డికి వదిలితే రైతుకు ఏటా అద్దె చెల్లించే పథకం వచ్చింది. దాని ఒప్పందాలు 10 నుంచి 15 ఏళ్లవి. ధరలు బాగున్న సమయంలో గడువు ముగిసిన నేల చాలావరకు మళ్లీ నాగలి కిందికి వెళ్లింది.

అందుకే పొలంతో పాటు, ప్రతి గట్టు, ప్రతి పట్టీ ఏ ఏడు ఎందుకు వేశారో, అంతకుముందు అక్కడ ఏం జరిగిందో రాసిన కాగితం కూడా తరువాతివారికి అందాలి. గండి పడిన నాటి ఫొటో ఒకటి, తేదీతో సహా ఉంటే చాలు. పుట్టని మనవడికి తాత తన వాదన వినిపించగలిగేది దానితోనే.

తోబుట్టువులతో, తల్లిదండ్రులతో రాసుకునే కౌలు కాగితంలోకి వస్తే, గడువు ఐదేళ్లకు తగ్గకూడదు. మొదటి మూడేళ్లలో దిగుబడి పాత సగటు కన్నా తగ్గితే ఆ లోటులో భూమి యజమాని ఎంత, సేద్యం చేసేవారు ఎంత భరించాలో అంకెతో ఉండాలి. యజమాని భరించే భాగాన్ని కౌలులో తగ్గించుకోవచ్చు. ఒప్పందం రోజునా, ముగింపు రోజునా ఒకే లోతులో, ఒకే చోట తీసిన మట్టి నమూనాల్లో సేంద్రియ కర్బనం ఎంతో నమోదు చేయాలి. తేడా పెరుగుదల అయితే వెళ్లిపోయేవారికి ఏమివ్వాలో, తగ్గుదల అయితే ఎవరు బాధ్యులో ముందే తేల్చుకోవాలి. గట్లు, గడ్డి పట్టీలు తీసేయాలంటే వాటాదారులందరి సంతకం తప్పనిసరి చేయాలి. ఏటా కోతలయ్యాక, తరువాతి పంటకు విత్తనం కొనకముందు, నోటు పుస్తకం, ఈ కాగితం రెండూ ముందు పెట్టుకుని అందరూ ఒకసారి కూర్చోవాలి. దూరాన ఉన్నవారు ఫోన్లోనైనా కలవాలి. విత్తనం, ఎరువు కొనేశాక జరిగే చర్చతో ఆ ఏడాది మారేది ఏమీ ఉండదు.